మా అత్తగారి పాపాల కొరత

ఎస్తేరు పోయిన రోజునే, మా చర్చిలన్నిటికీ పైనున్న మహాసభ నుంచి ఆ ఉత్తర్వు వచ్చింది. రెండింటికీ సంబంధం లేదు. ఉత్తర్వు పొద్దున వచ్చింది, మా ఆవిడ మధ్యాహ్నం పోయింది. మా పాస్టరు యాకోబు అయ్యగారు ఆ కవరు విప్పకుండానే జేబులో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. మర్నాడు భూస్థాపన అయ్యేదాకా అది ఆయన జేబులోనే ఉంది.

మట్టి వేయడం అయిపోయింది. అందరూ చేతులు దులుపుకుంటున్నారు. మా అత్తగారు వరహాలమ్మ మాత్రం కదలలేదు. కూతురి సమాధి పక్కనున్న ఖాళీ జాగాను కాసేపు చూసి, పాస్టరుగారితో అన్నారు:

"అయ్యగారూ, ఈ జాగా నాకు ఉంచండి. నా పిల్ల పక్కన పడుకుంటాను."

సంఘపెద్ద ఒకాయన మెల్లగా దగ్గి, సమాధుల తోటలో బాప్తిస్మం పొందినవాళ్ళకే చోటు అని గుర్తుచేశాడు. అది నిజమే. మా అత్తగారు ఏళ్ళ తరబడి కూతురి వెనకాల చర్చికి వచ్చారు, చాప మీద కూర్చున్నారు, పాటలన్నీ నోటికి నేర్చుకున్నారు. నీళ్ళలో మాత్రం దిగలేదు. మా మామగారు బతికున్నన్నాళ్ళూ ఒప్పుకోలేదు. ఆయన పోయాక, ఎలాగూ కూతురుంది కదా, తొందరేమిటని ఈవిడే ఊరుకున్నారు.

"అయితే ముంచెయ్యండి నన్ను" అన్నారు మా అత్తగారు.

"అలాగేనమ్మా. వచ్చే ఆదివారం కాలవ దగ్గరికి రండి. తెల్లచీర తెచ్చుకోండి, అంతే" అన్నారు అయ్యగారు.

ఆ సాయంత్రం ఆయన కవరు విప్పారు.

మహాసభకు కొత్తగా అధ్యక్షులైన వారు ఏదో నగరంలో, ఏదో హోటల్లో, నాణ్యత మీద శిక్షణ పొంది వచ్చారట. బాప్తిస్మం పొందినవారు ఆ తర్వాత కూడా పొద్దున్నే లేచి పొరుగువాళ్ళతో పోట్లాడుతున్నారని ఆయనకు ఎప్పటినుంచో బాధ. లోపం ఎక్కడుందో శిక్షణలో తెలిసింది. సరుకు బయటికి వెళ్ళాక పరీక్షించి లాభం లేదు, లోపలికి వచ్చేటప్పుడే పరీక్షించాలి. అందుచేత ఇకమీదట ప్రతి సంఘంలోనూ మారుమనస్సు నిర్ధారణ మండలి ఒకటి ఉండాలి. అభ్యర్థి పాపాలను, వాటికి పడిన పశ్చాత్తాపాన్ని మండలి తూచి, సరిపోయిందంటేనే నీళ్ళలో దించాలి.

మా మండలికి చైర్మన్ జెకర్యాగారు. రవాణా శాఖలో బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. చెడ్డ మనిషి కాదు. ఉద్యోగం ముగిశాక ఎవరికీ పరీక్ష పెట్టకుండా ఆయనకు పొద్దు గడిచేది కాదు, అంతే. మండలి కార్యదర్శి ఫిలేమోనుగారు ఆయన చెప్పింది రాసుకునేవారు.

మొదటి విచారణ చర్చి పక్కన బడి గదిలో జరిగింది. అది నా తరగతి గదే. నా బల్ల దగ్గర జెకర్యాగారు కూర్చున్నారు, పిల్లల బెంచీ మీద నేనూ అత్తగారూ కూర్చున్నాం.

"చూడండి మాస్టారూ" అన్నారు జెకర్యాగారు నాతో. "మారుమనస్సంటే మళ్ళడం. బండి ఎంత వేగంతో వస్తుందో తెలీకుండా అది మలుపు ఎంత బాగా తిరిగిందో ఎలా చెప్తాం? కాబట్టి ముందు వేగం చూస్తాం. చెప్పండమ్మా. మీరు చేసిన పాపాలు, తీవ్రత క్రమంలో."

"తీవ్రతంటే ఏంటి బాబూ?"

"పెద్దవి ముందు."

మా అత్తగారు చాలాసేపు ఆలోచించారు.

"ఓసారి మా ఆయనకి పెట్టకుండా పులస ముక్క నేనే తినేశానండి."

"ఏ ముక్క?" అన్నారు ఫిలేమోనుగారు తలెత్తి.

"తలకాయండి."

"తలకాయంటే కాస్త పెద్దదేనండీ" అన్నారాయన చైర్మన్‌గారితో, ఒకింత ఆశగా.

"చిల్లర కింద రాయండి. ఇంకా?"

"పక్కింటి నాగరత్నం పెరట్లో రోజూ కరేపాకు దూసేదాన్నండి. అడిగేదాన్ని కాదు."

కిటికీ అవతల నిలబడి వింటున్న నాగరత్నం ఊరుకోలేకపోయింది. "నేనే దూసుకోమన్నానండీ! ఎందుకు పిన్నీ లేనిపోనివి చెప్తావ్?"

"అనుమతితో చేసినది పాపం కింద రాదు. కొట్టివేయడమైనది" అన్నారు జెకర్యాగారు. "ఇంకా?"

ఇంకేం లేవు. మండలి తీర్పు ఫిలేమోనుగారు లేచి నిలబడి చదివారు. అభ్యర్థిని పశ్చాత్తాపపడుటకు మిక్కిలి సుముఖముగా ఉన్నప్పటికీ, పశ్చాత్తాపపడుటకు తగినంత విషయము లేనందున, దరఖాస్తు ప్రస్తుతమునకు తిరస్కరించడమైనది.

"అయితే ఆవిడ ఏం చెయ్యాలండీ?" అని అడిగాను.

జెకర్యాగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మండలి ఎవరినీ పాపం చెయ్యమని సలహా ఇవ్వదు. అది మా పరిధిలోకి రాదు. అయితే ఏర్పడిన కొరతను అభ్యర్థులు స్వయంకృషితో భర్తీ చేసుకుంటే మండలికి అభ్యంతరం ఉండదు."

అదే రోజు మా తర్వాత లోపలికి వెళ్ళినవాడు నూకరాజు. కోడిపందాలు, పేకాట, సారా, రెండూళ్ళలో రెండు కాపురాలు. అతను మాట్లాడుతుంటే ఫిలేమోనుగారు రాసుకోలేక చెయ్యి దులుపుకున్నారు. చివర్లో నూకరాజు ఏడ్చాడు కూడా. జెకర్యాగారు లేచి అతనితో చెయ్యి కలిపారు. మా సంఘంలో ఉత్తీర్ణుడై నీళ్ళలో దిగినది అతనొక్కడే.

తిరస్కరణకు గురైనవారు మాత్రం చాలామంది. సండేస్కూల్లో పాఠం చెప్పే కుట్టుమిషను కమలమ్మ, పోస్టుమ్యాన్, ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా జావ కాచి తీసుకెళ్ళే ముసలాయన, వీళ్ళందరికీ కొరతే. రెండు వారాలు తిరగకుండా బస్టాండు ఎదురుగా కోచింగ్ సెంటర్ వెలిసింది. ముఖ్య బోధకుడు నూకరాజు. మాదిరి ప్రశ్నలు, మాదిరి పాపాలు, ఎక్కడ గొంతు బొంగురు పోవాలో అభ్యాసం. పోస్టుమ్యాన్ అక్కడ చేరి, ఇతరుల ఉత్తరాలు చదివినట్టు ఒప్పుకోవడం నేర్చుకున్నాడు. అసలు చదవకుండా ఒప్పుకోవడం అబద్ధమవుతుందని అతనికి అనుమానం వచ్చింది. అబద్ధం కూడా పాపమే కాబట్టి కలిసొస్తుందని నూకరాజు ధైర్యం చెప్పాడు.

మా అత్తగారు కోచింగ్‌కి వెళ్ళనన్నారు.

"సేస్తే నిజంగానే సేస్తానల్లుడుగారూ. సెయ్యకుండా సేశానని ఎలా సెప్పను?"

మర్నాడు పొద్దున్నే ఆవిడ నాగరత్నం కోడిని దొంగిలించడానికి బయల్దేరారు. నేను వద్దనలేదు. ఆవిడకు ఆ జాగా కావాలి, నాకు ఆవిడ ఏ పనిమీదైనా లేచి బయటికి వెళ్ళడం కావాలి. ఎస్తేరు పోయాక ఆవిడ ఎవరూ పిలవకుండా తనంతట తాను గడప దాటడం అదే మొదలు.

నేను గోడ ఇవతలే నిలబడ్డాను. కోడి దొరకలేదు. పెరడంతా పరిగెత్తించింది. ఆ చప్పుడుకి నాగరత్నం బయటికి వచ్చింది.

"ఏంటి పిన్నీ?"

"నీ కోడిని దొంగతనం సేస్తున్నానే. లోపలికెల్లు."

"అదా? అది ముసల్ది పిన్నీ, ఉడకదు. ఆ నల్లదాన్ని పట్టుకో. ఉండు, నేను ఇటు తోల్తాను."

"నువ్వు ఇస్తే పాపం అవదే! కరేపాకు అప్పుడు నువ్వే కదా సెడగొట్టావు. కేకెయ్యి, దొంగా దొంగా అని కేకెయ్యి!"

నాగరత్నం ప్రయత్నించింది. 'దొం' దగ్గరే ఆగిపోయింది. "నిన్ను దొంగా అని ఎలా అంటాను పిన్నీ? మొన్నేగా ఎస్తేరమ్మ..." అని కొంగు అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ పెరట్లోనే కూర్చుండిపోయారు. నల్లకోడి తనంతట తానే వచ్చి వాళ్ళ పక్కన గింజలు ఏరుకుంది.

తర్వాత ఆవిడ వీధి కుళాయి దగ్గర ఆదెమ్మతో తగువు పెట్టుకోబోయారు. ఆదెమ్మకు మా అత్తగారంటే పడదని ఊరంతటికీ తెలుసు. బిందె తన్నేసి, "ఏం సూస్తావే, నీ మొహం మండ!" అన్నారు మా అత్తగారు. ఆదెమ్మ బిందె తీసి నిలబెట్టింది, నీళ్ళు నింపింది, తన నడుం మీద పెట్టుకుని మా ఇంటిదాకా తెచ్చి దించింది. వెళ్ళేటప్పుడు, "అన్నం తిన్నావా వరహాలమ్మా?" అని అడిగింది. వాళ్ళు మాట్లాడుకుని ఎన్నో ఏళ్ళయింది.

"ఈ ఊళ్ళో పాపం సెయ్యనివ్వరల్లుడుగారూ" అన్నారు మా అత్తగారు నీరసంగా.

రెండో విచారణలో జెకర్యాగారు జరిగినదంతా ఓపికగా విన్నారు. బాధితుల ఫిర్యాదు లేనిదే నేరం నిలవదన్నారు. పైగా, తగువు పెట్టుకోబోయి పాత విరోధం పోగొట్టుకున్నందువల్ల అభ్యర్థిని పరిస్థితి మునుపటికన్నా దిగజారిందన్నారు.

అప్పుడు మా అత్తగారు అడిగారు. వాదించాలని కాదు, నిజంగా తెలియకే అడిగారు.

"బాబూ, మరి ఏసుబాబు యోర్దానులో దిగాడు కదండీ. ఆయన ఏం పాపం సేశాడని?"

ఫిలేమోనుగారి కలం ఆగిపోయింది. యాకోబు అయ్యగారు మూల కుర్చీలో ఉన్నారు, ఆయన ముఖం విప్పారింది. ఇక ఇంతటితో అయిపోతుందనుకున్నాను. జెకర్యాగారిని నేను సరిగా అంచనా వెయ్యలేదు.

"మంచి ప్రశ్న" అన్నారాయన. "ఆ దరఖాస్తు మన దగ్గరికి వచ్చుంటే విషయం లేదని తిరస్కరించవలసి వచ్చేది. అందులో దాపరికం లేదు. అక్కడ ముంచిన అధికారి కూడా మొదట అభ్యంతరం చెప్పాడు. చెప్పి, మళ్ళీ తనే ముంచాడు. ఎవరి ఒత్తిడి మీదో మనకు తెలీదు. ఫిలేమోనుగారూ, దీన్ని మహాసభకు నివేదించి స్పష్టత కోరండి."

మహాసభ తొందరగానే స్పష్టత ఇచ్చింది. యోర్దాను వ్యవహారము ప్రస్తుత నియమావళికి పూర్వము జరిగినందున దానిపై వ్యాఖ్యానించజాలము. అయితే నియమావళికి పూర్వము ఇట్టివి జరిగినట్లు దృష్టికి వచ్చినందున, పూర్వపు బాప్తిస్మములన్నింటినీ పునఃపరిశీలించవలెను. అంతవరకు వాటిని తాత్కాలికములుగా భావించవలెను.

ఆ వారమే సంఘమంతా తాత్కాలికమైపోయింది. తాత్కాలికులను గుర్తించడం ఎలాగన్న ప్రశ్నకు జెకర్యాగారి దగ్గర అనుభవంతో కూడిన జవాబు ఉంది. బండి నేర్చుకునేవాళ్ళకు కట్టే ఎర్ర ఎల్ అక్షరం. అందరం చొక్కాలకు, జాకెట్లకు గుచ్చుకున్నాం. కమలమ్మ మిషను మీద అట్టముక్కలకు అంచులు కుట్టిపెట్టింది. నేర్చుకునేవాడు లైసెన్సు ఉన్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోకుండా బండి నడపకూడదు కదా, అలాగే ఎల్ ఉన్నవాళ్ళు ధ్రువీకరణ పొందినవారు పక్కన లేకుండా పైకి వినపడేలా ప్రార్థన చెయ్యకూడదన్నారు.

ధ్రువీకరణ పొందినవాడు నూకరాజు ఒక్కడే.

యాకోబు అయ్యగారు కూడా చిన్నప్పుడెప్పుడో కాలవలో మునిగినవారే కాబట్టి ఆయనకూ ఎల్ వచ్చింది. ప్రసంగవేదిక మీద ఆయన ప్రార్థన చేస్తుంటే పక్కన నూకరాజు స్టూలు మీద కూర్చునేవాడు. అయ్యగారు మరీ ఉద్వేగంగా వెళ్తుంటే జెకర్యాగారు కింద నుంచి చేత్తో సైగ చేసేవారు, నూకరాజు అయ్యగారి లాల్చీ పట్టి మెల్లగా లాగేవాడు. భోజనాల దగ్గర, జబ్బుపడ్డవాళ్ళ మంచాల దగ్గర, పరీక్షలకు వెళ్ళే పిల్లల దగ్గర అందరికీ నూకరాజు కావలసి వచ్చాడు. అతనికి కోళ్ళకు గింజలు వేసే తీరిక కూడా లేకుండా పోయింది.

ప్రభురాత్రి భోజనం ఆదివారం నాడు పళ్ళెం నిండా చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం పోసి ఉంచారు. దాన్ని తీసుకునే అర్హత ఉన్నవాడు అతనొక్కడే. ముందు బల్ల దగ్గర ఒంటరిగా మోకాళ్ళూనాడు. వెనక సంఘమంతా ఎర్ర అట్టముక్కలతో కూర్చుని చూస్తోంది. ఒక గ్లాసు తాగి చుట్టూ చూశాడు. మిగిలినవి వృథా కాకూడదని ఫిలేమోనుగారు గుర్తుచేశారు. మరొకటి తాగాడు.

"నా వల్ల కాదండీ బాబూ" అన్నాడు లేచి, ముఖం ఎర్రగా చేసుకుని. "సారా అయితే ఒక్కణ్ణీ తాగేవోణ్ణి. ఇది ఒక్కణ్ణీ తాగలేకపోతన్నానండి. ఇంకో ఇద్దర్నైనా పాస్ చెయ్యండి."

పునఃపరిశీలన బతికున్నవారితో ఆగలేదు. సమాధుల తోటలో ఉన్నవారు కూడా తాత్కాలికులేనని ఫిలేమోనుగారు గమనించారు. వాళ్ళు హాజరు కాలేరు కాబట్టి దగ్గరి బంధువులు వచ్చి మాట్లాడాలన్నారు. సంతృప్తికరంగా లేకపోతే ఏం చేస్తారని ఎవరూ అడగలేదు. ఏం చేస్తారో మండలికీ తెలియదనుకుంటాను. అందరికన్నా కొత్త సమాధి ఎస్తేరుది. అందుకని ఆమెనే మొదట పిలిచారు.

మళ్ళీ అదే గది, అదే బెంచీ. ఈసారి జెకర్యాగారి గొంతు కొంచెం తగ్గింది. ఎస్తేరు ఆయన మనవరాలికి సంగీతం నేర్పింది.

"మాస్టారూ, తప్పదు. నియమం అందరికీ ఒకటే. అమ్మాయి... మీ ఆవిడ చేసిన పాపాలు, మీకు తెలిసినంతలో."

నేను నోరు తెరిచాను. నేను బడిలో మాటలు నేర్పేవాణ్ణి. పిల్లలు తప్పు మాట వాడితే సరిచేసేవాణ్ణి. ఆ పూట నాకు ఏ మాటా దొరకలేదు. ఆమె అన్నంలో ఉప్పు మరిచిపోయేది. నేను కోప్పడితే నవ్వేది. ఇవి ఆయన రాసుకోవడం నాకిష్టం లేదు.

"నేను సెప్తాను బాబూ" అన్నారు మా అత్తగారు. "నాకన్నా ముందెల్లిపోయింది. నన్ను వొదిలేసి ఎల్లిపోయింది. అదొక్కటే తప్పు."

ఫిలేమోనుగారు రాయలేదు.

"అదీ దానంతట అది సెయ్యలేదు లెండి. సేసినోడు వేరే." ఆవిడ బెంచీ అంచు పట్టుకున్నారు. "ఆరోజు ఆసుపత్రి వరండాలో ఆయన్ని తిట్టాను. దేవుణ్ణేనండి. నోటికొచ్చినట్టల్లా తిట్టాను. నీకు కళ్ళు లేవన్నాను. నీ కొడుకు పోతే నువ్వు మూడోనాటికి లేపుకున్నావు, నా పిల్ల సంగతేంటన్నాను. నిన్ను నేను క్షమించనన్నాను."

జెకర్యాగారు కుర్చీలో ముందుకు వంగారు. ఆయన ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మా! ఇది మొదటి రోజే చెప్పొచ్చు కదా! ఇది దైవదూషణ. అత్యంత తీవ్ర స్థాయి. నూకరాజు కూడా ఇంత దూరం రాలేదు. ఫిలేమోనుగారూ, రాసుకోండి. ఇంత వేగంతో వచ్చిన బండి..." అని ఆగి, గొంతు సవరించుకున్నారు. "సరే. ఒకే ఒక్క ప్రశ్న. దానికి ఇప్పుడు మీరు పశ్చాత్తాపపడుతున్నారు కదా?"

"లేదండి."

"అంటే?"

"పడట్లేదండి."

"అమ్మా, అవునంటే చాలు. ఇక్కడితో అయిపోతుంది. వచ్చే ఆదివారమే బాప్తిస్మం. ఆ జాగా మీదే."

"పిన్నీ, అవునను" అన్నాడు గుమ్మం దగ్గర నిలబడ్డ నూకరాజు. "నేనూ అలాగే అనేశాను." అని, తను అన్నదేమిటో తనకే వినపడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. జెకర్యాగారు అటు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు.

"ఇంకా కోపం పోలేదు బాబూ" అన్నారు మా అత్తగారు. "పొద్దున్నే లేస్తే పక్కన దాని మంచం కనపడద్ది. మళ్ళీ కోపం వచ్చేస్తది. కోపం లోపల పెట్టుకుని, అది పోయిందని సెప్పి ఆ నీళ్ళల్లో దిగమంటారా? ఎవరికి సెప్పను అబద్ధం? ఆయనకేనా?"

"మొదట మీకు పశ్చాత్తాపం ఉంది, పాపం లేదు" అన్నారు జెకర్యాగారు తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు. "ఇప్పుడు పాపం ఉంది, పశ్చాత్తాపం లేదు. రెండూ ఒకేసారి ఉంటే తప్ప..." ఆయన ఫిలేమోనుగారి వైపు చూశారు. ఫిలేమోనుగారు కలానికి మూత పెట్టేశారు. విచారణ వాయిదా పడింది. తేదీ చెప్పలేదు.

బయటికి వచ్చాక యాకోబు అయ్యగారు చొక్కాకున్న ఎర్ర అట్టముక్క పీకి జేబులో వేసుకున్నారు.

"అమ్మా, ఆదివారం కాలవ దగ్గరికి రండి. మండలితో నేను మాట్లాడుకుంటాను. ఆ కోపంతోనే రండి, ఫరవాలేదు. దేవుడు అంతకన్నా పెద్ద కోపాలు విన్నాడు."

మా అత్తగారు ఆయన చెయ్యి పట్టుకున్నారు. "వొద్దు అయ్యగారూ. మా ఇద్దరికీ మాటల్లేవు ఇప్పుడు. మాట్లాడుకోకుండా ఆయన ఇంటికి ఎలా ఎల్లను? మాటలు కలిసినప్పుడు నేనే వొచ్చి సెప్తాను."

"ఈలోగా మీకేమైనా అయితే?"

"అయితే ఎక్కడో ఓ చోట పెట్టండి. అబద్ధం ఆడి దాని పక్కన పడుకుంటే, అది అటు తిరిగి పడుకుంటది."

మా ఎల్ అక్షరాలు తర్వాత ఒక్కటొక్కటే ఊడిపోయాయి. తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు, మళ్ళీ గుచ్చుకోమనీ చెప్పలేదు. మహాసభ అధ్యక్షులు ఇంకో శిక్షణకు వెళ్ళారని విన్నాను. నూకరాజు కోచింగ్ సెంటర్ మూసేసి, ఒకరోజు ఎవరికీ చెప్పకుండా రెండో కాపురం ఉన్న ఊరు వెళ్ళి, అక్కడి పిల్లలను చూసి వచ్చాడు. ఆ విషయం అతను మండలికి చెప్పలేదు.

మా అత్తగారు ఇప్పటికీ నా దగ్గరే ఉంటున్నారు. ఆదివారం ఇద్దరం చర్చికి వెళ్తాం. ఆవిడ పాటలన్నీ పాడతారు. ప్రార్థన మొదలయ్యేసరికి అందరూ కళ్ళు మూసుకుంటారు. ఆవిడ మూసుకోరు, ఎదురుగా గోడకేసి చూస్తూ కూర్చుంటారు. ఒక్కోసారి పెదవులు కదులుతాయి. ఏమంటున్నారో నేను అడగను. పక్కన నేనూ కళ్ళు తెరుచుకునే ఉంటాను.

ఆవిడకు కోపం పోలేదు. నాకూ పోలేదు. బాప్తిస్మం ఇంకా జరగలేదు.